రెండు దెబ్బల తరుగు

నా కంప్యూటరు నన్ను నమ్మదు. దాన్ని కొన్నది నేను. కరెంటు ఇచ్చేది నేను. మీద దుమ్ము తుడిచేది నేను. అయినా నేను ఏం చూడాలో, ఏం చూడకూడదో అదే నిర్ణయిస్తుంది. ఇది ఫిర్యాదు కాదు. తీరే అవకాశం ఉన్నదాన్ని ఫిర్యాదు అంటారు. ఇది జరిగిపోయిన సంగతి.

దీనికంతటికీ కారణం రెండో వార్డులోని రిటైర్డు డ్రాయింగు మాస్టారు. ఆయన ఒకనాడు అంతర్జాలంలో తాచుపాము బొమ్మ చూసి కుర్చీలోంచి వెనక్కి పడ్డాడు. కుర్చీ ఎత్తు తక్కువ. దెబ్బ తగల్లేదు. ఆయనే నవ్వుకుంటూ పదిమందికి చెప్పాడు. చెప్పకుండా ఉంటే మా పట్టణం బాగుండేది. ఆ పదిమందిలో ఒకరు కౌన్సిలరు.

నెల తిరగకుండా పురపాలక సంఘం తీర్మానం చేసింది. అరవై దాటినవారి ఇళ్ళలో ఉన్న ప్రతి కంప్యూటరుకూ ‘కవచం’ అనే కాపలా పెట్టాలి. పెద్దలకు హాని చేసే దేన్నీ అది తెర మీదికి రానివ్వదు. తీర్మానాన్ని ఎవరూ కాదనలేదు. పెద్దలకు హాని జరగాలని ఎవరు చెయ్యెత్తుతారు?

ఫ్లెక్సీలు కట్టారు. వాటి మీద ఒక ముసలాయన, చుట్టూ ఇనుప చట్రం. లోపల ఆయన నవ్వుతున్నాడు. పక్క పట్టణాల ఛైర్మన్లు వచ్చి, చూసి, కాఫీ తాగి, తమ ఊళ్ళలో కూడా పెడతామని చెప్పి వెళ్ళారు. పాత పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి ‘వయోవృద్ధుల అంతర్జాల సంరక్షణ సమితి’ అని బోర్డు పెట్టారు. పశువులను కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాలు ముందర అట్లాగే ఉన్నాయి. దరఖాస్తుదారుల వరసకు అవి పనికొచ్చాయి.

నేను మిర్చి యార్డులో ముప్పై ఒక్క ఏళ్ళు కాటా వేశాను. మిరపకాయల బస్తాను మేము టిక్కీ అంటాం. టిక్కీ ఎంత తూగితే అంత చెప్పాను. రైతు దణ్ణం పెట్టినా అంతే చెప్పాను, వ్యాపారి తిట్టినా అంతే చెప్పాను. అందువల్ల యార్డులో నాకు స్నేహితులు లేరు. ఇంట్లో పున్నమ్మ ఉండేది. మూడేళ్ళ కిందట పుష్యమాసంలో గుండె ఆగి పోయింది.

పోవడానికి ముందు ఏడాది ఆమె కోలాటంలో చేరింది. అప్పుడు మా పట్టణంలో కోలాటం గాలి వీచింది. వార్డుకు ఒక బృందం, బృందానికి ఒక రంగు చీర. వీళ్ళది చిలకాకుపచ్చ, ఎర్ర అంచు. యాభై ఏడేళ్ళ మనిషి వంటింట్లో రెండు గరిటెలు పట్టుకుని కోపులు నేర్చుకునేది. కోలాటంలో ఒక్కో రకం ఆటను కోపు అంటారు. నేను గుమ్మంలోకి వస్తే గరిటెలు దించేసేది. శివరాత్రి తిరునాళ్ళలో ఆడుతున్నాం, వచ్చి చూడమని అడిగింది. ఈ వయసులో గెంతులేమిటి అన్నాను. వెళ్ళలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ ఆటను మైకుసెట్టు అతను వీడియో తీసి అంతర్జాలంలో పెట్టాడని ఈ సంవత్సరం తెలిసింది. చెప్పింది బృందం నాయకురాలు రత్తమ్మ. పున్నమ్మ కదులుతుండగా తీసినది లోకంలో అదొక్కటే. ఇంట్లో రెండు ఫోటోలు ఉన్నాయి. రెండింట్లోనూ ఎవరో నిలబెట్టినట్టు నిలబడి ఉంటుంది. అందుకని మూతపడుతున్న నెట్ సెంటరుకు వెళ్ళి, ఉన్నవాటిలో పెద్ద తెర గల కంప్యూటరు కొన్నాను. మరునాడే సమితి మనిషి వచ్చాడు. నా ఆధార్ చూసి, పుట్టిన సంవత్సరం చూసి, కవచం పెట్టి, నమస్కారం చేసి పోయాడు.

చెయ్యి అలవాటు పడటానికి ముందుగా ఇతర సంగతులు వెతికాను. గుమ్మడి వడియాలు ఎట్లా పెడతారో చూడబోయాను. నిప్పు ఉన్నదని తెర మూసుకుంది. తుఫాను ఎటు పోతున్నదో చూడబోయాను. భయం కలుగునని మూసుకుంది. తుఫాను మా వైపే వచ్చింది. ఆ సంగతి పెరట్లో రేకు ఎగిరిపోయాక తెలిసింది. మిర్చి ధర చూడబోయాను. ధర పడిపోయినందున రక్తపోటు పెరుగునని మూసుకుంది. ధర పెరిగిన రోజు మళ్ళీ చూశాను. అతి సంతోషం కూడా మంచిది కాదన్నది. చదరంగం ఆడదామంటే రాజుకు ప్రాణాపాయం ఉన్నదన్నది. ప్రతిసారీ చివర ఒకటే మాట: ‘పెద్దలకు తగదు. నమస్కారం.’ దాని కింద చేతులు జోడించిన బొమ్మ.

వీటన్నిటినీ వదిలేశాను. వడియాలు లేకుండా బతకవచ్చు.

నాలుగో రోజు పొద్దున స్నానం చేసి, చొక్కా వేసుకుని, రత్తమ్మ రాసిచ్చిన కాగితం చూసుకుంటూ ఆ వీడియో వెతికాను. తెర మూసుకుంది. ఈసారి మాటలు ఎక్కువ ఉన్నాయి.

‘కర్రలతో గుంపు దాడి. పాల్గొన్నవారు: ఇరవై నలుగురు స్త్రీలు. దెబ్బలు: మూడు వందల పది. పెద్దలకు తగదు. నమస్కారం.’

దాడి అన్నందుకు నాకు కోపం రాలేదు. లెక్క దగ్గర ఆగాను. ఇరవై నలుగురంటే పన్నెండు జతలు. జతకు ఎన్ని పడినా మొత్తం పన్నెండుతో తెగాలి. మూడు వందల పది తెగదు. మూడు వందల పన్నెండు అయితే తెగుతుంది. రెండు తరుగు. తూకంలో తగ్గినదాన్ని యార్డులో తరుగు అంటాం. తరుగు ఉంటే దానికి కారణం ఉంటుంది. కారణం తెలియకుండా నేను ఏ టిక్కీనీ కాటా దాటనివ్వలేదు.

చొక్కా ఎటూ వేసుకున్నాను గనక సమితికి వెళ్ళాను.

ఇనుప గొట్టాల మధ్య నా ముందు తొమ్మిదిమంది ఉన్నారు. ఒక ముసలమ్మ మనవరాలి పెళ్ళి ఫోటోలు చూడటానికి వచ్చింది. హోమం దగ్గర మంట ఎక్కువగా ఉన్నదని కవచం ఆపిందట. ఆమె వెనుక డ్రాయింగు మాస్టారు నిలబడి ఉన్నాడు. సమితికి అందరికంటే ఎక్కువ దరఖాస్తులు ఆయనవే. ఇప్పుడు ఆయన తెర మీద పాము సరే, తాడు కూడా కనపడదు. తాడును చూసి పాము అనుకునే ప్రమాదం ఉన్నదని ఆయనకు విడిగా ఉత్తర్వు ఇచ్చారు.

"మీరు నోరు మూసుకుని ఉంటే పోయేది" అన్నాను.

"నిజమే యలమందయ్యా" అన్నాడు. చేతిలోని దరఖాస్తుల కట్ట సర్దుకున్నాడు.

గుమాస్తా నాగూర్ మా వీధివాడే. వయసు నలభై ఒకటి. నా కాగితం చూసి గొంతు తగ్గించాడు.

"నీకెందుకు బాబాయ్ ఈ తంటా? అట్టా చెట్టు కిందికి రా, నా ఫోన్లో చూపిస్తా. రెండు నిమిషాల పని."

"వద్దు."

"ఏం?"

"కాటా తప్పు చూపిస్తే పక్క కొట్లో తూస్తామా? కాటానే సరిచేయిస్తాం."

"అబ్బ, నువ్వు మారవు బాబాయ్."

"పైగా నీ అరచేతిలో ఇరవై నలుగురూ చీమలంత ఉంటారు. అందరికీ ఒకటే చీర. ఎవరని పోల్చను?"

నాగూర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పదకొండు పేజీల ఫారం ఇచ్చి లోపలికి పంపాడు.

సంరక్షణాధికారి పేరు సర్వోత్తమరావు. ఏదో శాఖలో రిటైరైతే, అనుభవం వృథా పోకూడదని తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు. గదిలో కుర్చీలన్నిటికీ నడుము బెల్టులు ఉన్నాయి. ఆయన కూడా ఒకటి కట్టుకుని ఉన్నాడు.

"దయచేయండి యలమందయ్య గారూ. నిదానంగా ఆసీనులు కండి. కుర్చీల విషయమున ఈ కార్యాలయము మిక్కిలి అప్రమత్తతతో వ్యవహరించుచున్నది."

నాగూర్ వచ్చి నాకు బెల్టు పెట్టాడు.

"అది దాడి కాదు. కోలాటం" అన్నాను.

"అది తమ అభిప్రాయము. దృశ్యము యొక్క స్వభావము సమితిచే నిర్ధారింపబడవలసి ఉన్నది."

"చూడండి. తెలుస్తుంది."

"నేనెట్లు చూడగలను? నాకు అరవై మూడు సంవత్సరములు. నా కంప్యూటరుకును కవచము కలదు. నియమము అందరికీ సమానము." ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం ఉంది.

"నాగూర్ చూడగలడు గదా."

"చూడగలడు. అభిప్రాయము వ్యక్తపరచు స్థాయి ఆయనకు లేదు."

నాగూర్ తల ఊపాడు. తనకు లేదని ఒప్పుకున్నాడు. ఆ ఆఫీసులో చూడగలిగినవాడు చెప్పకూడదు, చెప్పవలసినవాడు చూడకూడదు. అయినా అక్కడ రోజూ పని జరుగుతూనే ఉంది.

"అయితే దారేమిటి?"

సర్వోత్తమరావు ఒక పుస్తకం తెరిచాడు. "ఉన్నది. గాయములు లేని దాడి, దాడి అనిపించుకొనదు. పాల్గొన్న ఇరవై నలుగురును తమకు గాయములు కాలేదని విడివిడిగా ధ్రువపరచిన యెడల సమితి సానుభూతితో పరిశీలించును."

"ఇరవై ముగ్గురే ఉన్నారు."

"మిగిలిన ఒకరి తరఫున వారసులు వ్రాయవచ్చును. వారసులెవరో విచారించుడు."

విచారించనవసరం లేదు. నేనే.

రత్తమ్మ వాళ్ళు ఒక షెడ్డు కింద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. బృందంలో సగం మంది అక్కడే ఉన్నారు. నన్ను చూడగానే రత్తమ్మ గొంతెత్తింది.

"ఎవరొచ్చారో చూడండే! కోలాటమంటే గెంతులన్న మహానుభావుడు."

"సంతకాలు కావాలి" అన్నాను.

"దేనికన్నయ్యా?"

"మీరు కొట్టుకోలేదని."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. మిరప ఘాటుకు మధ్యమధ్యలో తుమ్ములు కూడా కలిశాయి.

"కర్రకు కర్ర తగలకపోతే కోలాటం ఎట్టా అవుద్ది అన్నయ్యా? ఉత్త కాళ్ళాడిస్తా తిరగడానికి మేమేమన్నా నీ మాదిరి సైకిలు తొక్కతన్నామా?"

"కర్ర సంగతి కాదు. మనిషికి తగిలిందా అని."

ఒకావిడ చెయ్యెత్తింది. "నాకు తగల్లా. మా ఆయనకు తగిలింది, ఇంట్లో నేర్చుకునేటప్పుడు. అది గూడా రాయాలా?"

"అక్కర్లేదు."

"రాయి బాబాయ్, పుణ్యముంటది. ఆయన పేరు ఒక్క కాయితంలో గూడా లేదు" అంది పక్కావిడ.

సంతకాలు పెట్టారు. వేలిముద్రలు వేశారు. కాగితాల నిండా కారం అంటింది. ఆ ఘాటు తగ్గేలోపు నా లెక్క అడిగాను.

"ఆ కోపులో జతకు ఎన్ని దెబ్బలు?"

"ఇరవై ఆరు. ఎందుకు?"

"పన్నెండు జతలకు మూడు వందల పన్నెండు కావాలి. కంప్యూటరు మూడు వందల పది అన్నది."

"దానికేం తెలుసన్నయ్యా, ఇనప్పెట్టె. మా ఆట ఆగలా, తప్పలా. జనం గూడా మెచ్చుకున్నారు." రత్తమ్మ ఇంకో కాయ తీసుకుంది. తొడిమ తీయకుండా చేతిలో అట్లాగే పట్టుకుంది. "దెబ్బంటే గుర్తొచ్చింది. వేలి సంగతి అక్క నీకు చెప్పే ఉంటది."

"ఏ వేలు?"

"అయ్యో, చెప్పలేదా? మూడో వరసలో అక్క, నాలుగో వరసలో అక్కకెదురు నేను. మేమిద్దరం జత. నా కర్ర జారి అక్క చిటికెన వేలి మీద పడింది. కుడి చెయ్యి. గోరు నల్లగా అయింది. ఆపుదామన్నట్టు చూశా. అక్క కళ్ళతోనే కసిరింది."

ఆ తిరునాళ్ళ రోజు నేను ఇంటికి వచ్చేసరికి పున్నమ్మ వేలికి గుడ్డ చుట్టుకుని ఉంది. ఏమిటని అడిగాను. రుబ్బురోలు పొత్రం పడిందన్నది. ఆ రోజు ఇంట్లో పప్పు నానబోయలేదని నాకు తెలుసు. ఇంకో మాట అడగలేదు. కారణం తెలుసుకోకుండా నేను వదిలేసిన తరుగు నా జన్మలో అదొక్కటే.

మిగిలినవాళ్ళ ఇళ్ళకు కూడా తిరిగి, కాగితాలు తీసుకుని సమితికి వెళ్ళాను. నాగూర్ ఇరవై నాలుగో కాగితం నా ముందు పెట్టాడు.

"పిన్ని తరఫున గాయాలు లేవని రాసి సంతకం పెట్టు బాబాయ్. అయిపోద్ది."

"గాయం ఉంది."

"ఎంత?"

"కుడి చిటికెన వేలు. గోరు."

"గోరా? దణ్ణం పెడతా బాబాయ్, గోరు రాయమాక. ఈయన సంగతి నీకు తెలవదు."

"ఎంత తూగితే అంత" అన్నాను. రాశాను: ‘కుడి చిటికెన వేలికి దెబ్బ. గోరు నల్లబడినది. సదరు మనిషి ఇప్పుడు లేదు.’

సర్వోత్తమరావు అది చదివి కళ్ళజోడు తీశాడు. లేవబోయాడు. బెల్టు ఉన్నందువల్ల మళ్ళీ కూర్చున్నాడు.

"యలమందయ్య గారూ, ఇది సామాన్య విషయము కాదు. కర్రల ఘటన. గాయము. తదుపరి మరణము."

"మధ్యలో పదకొండు నెలలు ఉన్నాయి."

"కాలవ్యవధిని గూర్చి నియమావళి మౌనము వహించినది."

"గుండె ఆగి పోయింది. డాక్టరు రాసిచ్చాడు."

"గాయమైన పిమ్మటనే గదా ఆగినది?"

కాదనడానికి లేదు. అంతకుముందు ఆగలేదు.

ఫైలుకు పసుపు అట్ట తీసి ఎర్ర అట్ట వేశారు. అట్ట మీద ‘ప్రాణనష్టముతో కూడిన ఘటన’ అని రాశారు. లోపల రత్తమ్మ పేరు పక్కన ‘కర్ర జారవిడిచిన వ్యక్తి’ అని రాశారు.

"మృతురాలికి తాము ఏమగుదురు?"

"మొగుణ్ణి."

"అట్లయిన తాము బాధిత కుటుంబము. బాధిత కుటుంబీకులు సదరు దృశ్యమును ఎట్టి పరిస్థితులయందును చూడరాదు. ఏడవ నియమము."

"ఆమె నా భార్య కాబట్టే చూడాలంటున్నాను."

"భార్య కాని యెడల మాకెట్టి అభ్యంతరమును లేదు" అన్నాడు సర్వోత్తమరావు. మంచి మనసుతోనే అన్నాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

ఇక్కడితో నేను ఆగిపోయేవాణ్ణి. ఆగనివ్వనిది రత్తమ్మ. ‘కర్ర జారవిడిచిన వ్యక్తి’ అనే మాట ఆమె దాకా పోయింది. ఎట్లా పోయిందో నాగూర్‌ను అడగాలి. మరునాడు ఏదో సంతకం మిగిలిందని పిలిస్తే నేను ఆ బెల్టు కుర్చీలో ఉన్నాను. పదకొండు గంటలకు ఇరవై ముగ్గురు చిలకాకుపచ్చ చీరలు కట్టుకుని, కోలాటం కర్రలు పట్టుకుని ఇనుప గొట్టాల మధ్య నుంచి వరసగా వచ్చారు.

"ఏమయ్యా పెద్దమనిషీ! పున్నమ్మక్కను నేను చంపానా?"

"అమ్మా, శాంతించుడు. కార్యాలయము అట్లనలేదు. ఘటనల క్రమమును మాత్రమే నమోదు చేసినది."

"నీ క్రమం మీద కారం చల్ల! అక్క పాడె వెంట కాటి దాకా నడిచా. నా పేరు ఎర్ర అట్టలో పెడతావా? కోలాటమంటే ఏందో తెలుసా నీకు? ఎప్పుడన్నా చూశావా?"

సర్వోత్తమరావు ఆలోచించాడు. చూడలేదని ఒప్పుకున్నాడు. చిన్నప్పుడు చదువు, తర్వాత ఉద్యోగం. తిరునాళ్ళ రోజుల్లో ఎప్పుడూ ఆడిటింగు ఉండేదట.

"అయితే ఇప్పుడు చూడు. ఈడనే ఆడతాం. చూసి రాసుకో."

ఆయన పుస్తకం తిరగేశాడు. పదమూడో పేజీలో ‘ప్రత్యక్ష పునఃప్రదర్శన ద్వారా నిర్ధారణ’ అని ఉంది. కంప్యూటరులో చూడకూడదు గాని, కళ్ళెదుట చూడకూడదని ఎక్కడా లేదు. ఆయన ముఖం వెలిగింది. అయితే రెండు షరతులు పెట్టాడు.

మొదటిది, కర్రలు ఆయుధాలు. ఆయుధాలు కార్యాలయంలోకి రాకూడదు. కర్రలన్నీ గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించి టోకెన్లు తీసుకున్నారు. వాటి బదులు నాగూర్ బీరువా తెరిచి, తిరస్కరించిన దరఖాస్తులను చుట్టలు చుట్టి దారంతో కట్టి ఇచ్చాడు. మనిషికి రెండు. దరఖాస్తులకు కొదవ లేదు. చాలావరకు డ్రాయింగు మాస్టారివి.

రెండోది, సంఖ్య. "దృశ్యమున ఇరవై నలుగురు గలరు. ఇరవై ముగ్గురితో ప్రదర్శించిన అది వేరొక దృశ్యమగును."

"మనిషి పోయిందని నువ్వే రాశావు గదయ్యా!"

"ఆ స్థానమున ఎవరైనను నిలువవచ్చును."

నాగూర్ నా వైపు చూశాడు. తర్వాత ఇరవై ముగ్గురూ చూశారు.

"నాకు రాదు" అన్నాను.

"గెంతులేగా అన్నయ్యా" అంది రత్తమ్మ. "ఎంతసేపు?"

నాలుగేళ్ళు దాచిపెట్టుకున్న మాట అది. నాగూర్ నా బెల్టు విప్పాడు.

ఒకప్పుడు గేదెలకు సూదులు వేసిన హాల్లో నాలుగు వరసలు నిలబడ్డాయి. వరసకు ఆరుగురు. మూడో వరసలో ఎడమ నుంచి నాలుగో చోట నన్ను నిలబెట్టి, రత్తమ్మ నాకెదురుగా వచ్చింది.

"అక్క జాగా ఇది. గుర్తుపెట్టుకో, ఏడో దెబ్బకు ఎడం కాలు వెనక్కేసి తిరగాలి. తిరగలేదనుకో, ఈసారి నీ వేలు."

పాట మొదలైంది. నాగూర్ దెబ్బలు లెక్కపెట్టాడు. మొదటిసారి రెండు వందల తొంభై ఒకటి వచ్చాయి. తగ్గినవన్నీ నావే. ఆడవాళ్ళందరూ ఒకవైపు తిరిగితే నేను ఇంకోవైపు తిరిగి గోడ మీది గాంధీగారికి ఎదురుపడ్డాను.

"కవచము చెప్పిన సంఖ్య మూడు వందల పది. పునఃప్రదర్శించుడు" అన్నాడు సర్వోత్తమరావు.

రెండోసారి మూడు వందల నాలుగు. మోకాళ్ళు పట్టేశాయి. నా కాగితం చుట్ట చిరిగితే నాగూర్ ఇంకోటి చుట్టి ఇచ్చాడు.

"పున్నమ్మక్క గూడా మొదట్లో ఇంతే" అంది రత్తమ్మ, నాకు మాత్రమే వినపడేట్టు. "నీకంటే నయమే అనుకో."

మూడోసారి ఏడో దెబ్బకు ఎడమ కాలు వెనక్కి పడింది. నేను వెయ్యలేదు, అదే పడింది. పాట ఆగేదాకా ఒక్కటి కూడా తప్పలేదు. మూడు వందల పన్నెండు.

"రెండు అధికము" అన్నాడు సర్వోత్తమరావు.

"అధికం కాదు. తూకం ఇదే. మీ కవచం దగ్గరే తరుగు ఉంది" అన్నాను. ఊపిరి ఆడక మెల్లగా అన్నాను.

ఆయన అంతా రాసుకున్నాడు. తర్వాత నాగూర్ నాకు నకలు ఇచ్చాడు. ‘గాయములు: శూన్యము. చిరిగిన కాగితపు చుట్టలు: పదిహేడు. ప్రదర్శనానంతరము దరఖాస్తుదారు కన్నులు తుడుచుకొనెను. కారణము: పాత దరఖాస్తుల దుమ్ము.’ సరిగ్గానే రాశాడు. ఆ ఆఫీసులో దుమ్ము ఎక్కువ. మూడోసారి ఆడుతుండగా బల్ల కింద ఆయన కుడి పాదం దరువు వేసిందని నాగూర్ చెప్పాడు. అది నమోదు కాలేదు.

రత్తమ్మ పేరు ఎర్ర అట్టలోంచి తీసేశారు. నా ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది.

‘సదరు దృశ్యము కోలాటముగా నిర్ధారింపబడినది. అయినను దరఖాస్తుదారు వయస్సును, బాధిత కుటుంబ స్థితిని దృష్టియందుంచుకొని, కర్రలు, కర్రలు పట్టిన చేతులు, చేతులు గల వ్యక్తుల ముఖములు కప్పి, మిగిలిన దృశ్యము చూచుటకు అనుమతించడమైనది. చూచిన పిమ్మట బాధ కలిగినదా అని కవచము ప్రశ్నించును. కలిగినదని తెలిపిన యెడల దృశ్యము శాశ్వతముగా మూయబడును. లేదని తెలిపిన యెడల తెరచియుండును.’

నాగూర్ మా ఇంటికి వచ్చి ఆ ముసుగు పెట్టాడు.

"నడుం పైన అంతా నలుపే బాబాయ్. నన్నేమనమాక. ఇప్పటికైనా నా ఫోన్లో చూడు, నిండుగా కనపడుద్ది."

"వద్దు. నువ్వు వెళ్ళు."

వెళ్ళాడు. తలుపు దగ్గరికి వేశాను. కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. నొక్కాను.

తెర పైసగం నలుపు. కింది సగంలో నలభై ఎనిమిది పాదాలు. వాటి మీద పచ్చ చీరల కుచ్చెళ్ళు, ఎర్ర అంచులు. అన్నీ ఒకటే. సమితి వాళ్ళు ఏమీ మిగల్చలేదని వాళ్ళ నమ్మకం. మూడు వారాల ముందైతే నాకూ ఏమీ మిగిలేది కాదు.

మూడో వరస. ఎడమ నుంచి నాలుగు. నేను నిలబడిన చోటు.

ఏడో దెబ్బకు ఎడమ పాదం వెనక్కి పడింది. తిరిగింది. ఆ పాదాలు ముప్పై ఆరేళ్ళు నా ఇంట్లో తిరిగాయి. బావి దగ్గరికి, పొయ్యి దగ్గరికి, వీధి గుమ్మం దగ్గరికి. అంత తేలికగా తిరగగలవని నాకు తెలియదు.

దెబ్బలు లెక్కపెట్టుకుంటూ చూశాను. పంతొమ్మిదో దెబ్బ తర్వాత ఆ పాదాలు ఆగిపోయాయి. ఎదుటి పాదాలు అరడుగు ముందుకు వచ్చాయి. ఒకటి. మళ్ళీ వెనక్కి పోయాయి. రెండు. చుట్టూ తక్కిన పాదాలు తిరుగుతూనే ఉన్నాయి. తర్వాత ఆ ఎడమ పాదం కదిలి ఆటలో కలిసింది. చివరిదాకా మళ్ళీ తప్పలేదు.

తరుగు అక్కడ ఉంది.

పాట అయిపోయింది. తెర మీద ప్రశ్న వచ్చింది: ‘ఈ దృశ్యము వలన తమకు బాధ కలిగినదా?’ కింద రెండు గళ్ళు. అవును. లేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు కాటా వేశాను. రైతు దణ్ణం పెట్టినా, వ్యాపారి తిట్టినా, ఎంత తూగితే అంత చెప్పాను.

‘లేదు’ మీద నొక్కాను.

చేతులు జోడించిన బొమ్మ వచ్చి నమస్కారం పెట్టింది.

తర్వాత రత్తమ్మ బజారులో ఎదురైంది. చూశావా అన్నయ్యా అంది. చూశానన్నాను. అక్క ఎట్టా ఆడింది అంది. నేను సైకిలెక్కాను.

ఈ సంగతి ఇక్కడితో సరి. ఇక ఎవరు అడిగినా నా నోట రాదు.